ఆరేసిన పంచెకు అవతల

ప్రశ్న అడిగినవాడికి విమలబోధ స్వామివారు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మోక్షమంటే ఏమిటని అడిగిన తాసిల్దారు గారి చేత ఆ పూటంతా చిక్కుడుకాయలకు ఈనెలు తీయించారు. దేవుడెక్కడున్నాడో చూపించమని నిలదీసిన కాలేజీ కుర్రాణ్ణి, తప్పిపోయిన దూడను వెతికి తోలుకురమ్మన్నారు. వాళ్లకు సమాధానాలు దొరికాయో లేదో నాకు తెలియదు గానీ, ఆనాటి చిక్కుడుకాయ కూర మాత్రం అద్భుతంగా కుదిరిందని తిన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వంశధార ఒడ్డున, నాలుగు పాకలూ ఒక చిన్న నారాయణ మందిరమూ ఉన్న ఆ ఆశ్రమంలో జరిగిన ముచ్చటే ఇది. కాస్త ముందుకు జరగండమ్మా, వెనకవాళ్లకు చోటు కావాలి. పెద్ద కథేమీ కాదు. ఒక చిన్నపిల్ల, ఒక పలక, ఒక తడి పంచె. వాటి మధ్య నలిగిపోయిన ఒక పెద్దమనిషి.

ఆ పెద్దమనిషి పేరు భుజంగరావు. స్వామివారి దగ్గరకు రాకముందు విజయనగరంలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. తప్పు అక్షరం కంటబడితే అరికాల్లో ముల్లు దిగినట్టు ఉలిక్కిపడే మనిషి. పెళ్లి శుభలేఖలో వియ్యంకుడి ఇంటిపేరు తప్పు పడిందని, ముహూర్తం దాటిపోయాక కూడా వాళ్లింటికి వెళ్లి చెప్పి వచ్చాడట. అటువంటివాడి దగ్గరకు ఆశ్రమంలో అంట్లు తోమే అప్పలనర్సమ్మ వచ్చి, కొంగు చేతుల్లో నలుపుకుంటూ నిలబడింది.

"బాబూ, నాకు అచ్చరం ముక్క రాదు. మా గుంట బడిలో ఏది రాసినా తప్పేనట. ఈసారి సోమవారం డిక్టేషనులో గానీ తప్పితే, ఒకటో తరగతి వరసలో కూకోబెడతానంది టీచరు. ఆ వరసలో దీని తమ్ముడున్నాడు బాబూ! ఆడి పక్కన కూకోమంటే ఇది ఇంక బడికే ఎల్లదు. నాకు తెలుసు దీని సంగతి."

పిల్ల పేరు ఢిల్లీశ్వరి. ఆ పక్క ఊళ్లలో ఆ పేరు మామూలే. పెట్టినవాళ్లకేం, పెట్టి ఊరుకున్నారు. రాయవలసింది ఆ పసిది కదా! రెండో తరగతి. రెండు జడలు, ఊడిన ముందు పళ్లు, ఎవరికీ తలవంచని చూపు. తమ్ముడు జగ్గు అప్పటికే మొదలుపెట్టాడు. "రా అక్కా, నా పక్కకొచ్చీ. నాను సెప్తాను నీకు" అని వాడంటుంటే, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం భుజంగరావు స్వయంగా చూశాడు. ఆ నీళ్లు చూశాక అతనికి వెనక్కి తగ్గే వీలు లేకపోయింది.

ఆ సాయంకాలం నుంచే పాఠం మొదలైంది. మందిరం అరుగు మీద పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పలక మీంచి చూపు తిప్పకుండా, ఒక్కో మాటా చెప్పేవాడు. మొదట్లో తప్పులు దొర్లాయి. చూస్తుండగానే తగ్గాయి. కొబ్బరికాయ వచ్చింది, వంకాయ వచ్చింది, చివరకు ఢిల్లీశ్వరి కూడా వచ్చేసింది. పిల్ల రాస్తూ రాస్తూ తనే చటుక్కున తుడిచి, తనే సరిగ్గా రాసేది. భుజంగరావు పొంగిపోయాడు. తన జన్మలో ఇన్నాళ్లూ దిద్దిన ప్రూఫులన్నీ ఈ పలక కోసం చేసిన సాధనేమో అనిపించింది. ఆ ధీమాతోనే బడికి వెళ్లి, కుసుమ టీచరుతో, "ఒకసారి చెప్పి చూడండమ్మా" అన్నాడు. టీచరు చెప్పింది. పిల్ల రాసింది. పలక నిండా తప్పులు.

"మీ దగ్గర బాగా రాస్తుందంటే నేను కాదనను బాబాయిగారూ" అంది కుసుమ టీచరు. చెడ్డ మనిషి కాదు. రెండు తరగతులను ఒకే గదిలో ఈదుతున్న తల్లి. "ఇక్కడ మాత్రం పలక ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది. నేను అటు చిన్నపిల్లల్ని చూసుకుని తిరిగేసరికి ఏదో ఒకటి గీసేసి ఉంటుంది."

భయం కాబోలు అనుకున్నాడు భుజంగరావు. ఆశ్రమానికి తీసుకొచ్చి అవే మాటలు చెప్పాడు. ఒక్క తప్పు లేదు! మర్నాడు బడిలో మళ్లీ అదే గొడవ. ఇక అతని బుర్ర పనిచేయడం మానేసింది. పిల్ల ఆటపట్టిస్తోందా? టీచరు మరీ తొందరగా చెబుతోందా? తన చేతి దోషమా? జపానికి కూర్చుంటే నారాయణ నామం రావలసిన చోట కొబ్బరికాయ వస్తోంది. ఆదివారం మధ్యాహ్నానికి ఉండబట్టలేక, ఏటి దగ్గర పంచె జాడించుకుని వస్తున్న స్వామివారికి ఎదురువెళ్లి అడిగేశాడు.

"స్వామీ, వచ్చిన అక్షరం ఎక్కడికి పోతుంది? నా కళ్ల ముందు ఉన్నది, బడి గుమ్మం తొక్కగానే ఎలా మాయమవుతుంది?"

స్వామివారు భుజం మీది తడి పంచె తీసి అతని చేతిలో పెట్టారు. "ఇది ఆరేయి" అన్నారు. భుజంగరావు పెరట్లో దండెం మీద ఆరేశాడు. అంచు ఇంచుమించు నేలకు ఆనేటట్టు వేలాడింది పంచె. "పిల్లను పిలిచి అటు కూర్చోబెట్టు. నువ్వు ఇటు కూర్చో. మాటలు నేను చెబుతాను" అని స్వామివారు దండెం కొసన, రెండు పక్కలా కనబడేటట్టు పీట వేసుకున్నారు.

మొదటి మాట కొబ్బరికాయ. భుజంగరావుకు కాషాయం గుడ్డ తప్ప ఏమీ కనబడదు. బలపం గీసిన చప్పుడు వినబడింది. ఆగింది. ఎంతకీ మళ్లీ మొదలవదు. ఆతృతకు అతని గొంతులో గరగరమని దగ్గు వచ్చింది. దగ్గీ దగ్గగానే అవతల పలక మీద అరచెయ్యి రాసిన చప్పుడు! తుడిచేసింది. అయ్యో అనుకుంటూ అతను "ఊఁ" అని నిట్టూర్చాడు. మళ్లీ తుడిచేసింది. స్వామివారు లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి అతనికిచ్చారు.

"ఒక గుక్క నోట్లో పోసుకో. మింగకు."

"ఎంతసేపు స్వామీ?"

"పిల్ల రాసేంతసేపు."

బుగ్గలు పూరించుకుని కూర్చున్నాడు భుజంగరావు. కాసేపటికి పంచె అవతల నుంచి సన్నగా పిలుపు. "బాబూ... బాబూ! పలకరేటి?" తర్వాత పంచె అంచు కింద నుంచి రెండు కళ్లు కనిపించాయి. ఆ బుగ్గలు చూసి కిసుక్కున నవ్వి మాయమయ్యాయి.

"అటు చూడకు తల్లీ, అక్కడ ఎవరూ లేరు" అన్నారు స్వామివారు.

"ఉన్నారు. మోకాళ్లు అగుపడతన్నాయి."

"మోకాళ్లకు చదువు రాదమ్మా. నువ్వు రాయి."

"ఎలా రాస్తాను సామీ?" పిల్లకు ఏడుపు దగ్గరకొచ్చేసింది. "బాబు మొకం అగుపడకపోతే నాకెలా తెలుస్తాది? ఆరి కనుబొమ్మ లెగిస్తే తప్పు, తుడిసీడమే. మీసం కదిల్తే రైటు. టీచరుకి మీసం నేదు, నానేటి సెయ్యను?"

భుజంగరావు నోట్లో నీళ్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమనేవాడో. కోపమా, సిగ్గా, నవ్వా, ఏది ముందు రావాలో తెలియక మూడూ గొంతులోనే తన్నుకులాడాయి. ఇన్నాళ్లూ పిల్ల పలకకేసి చూస్తోందనుకున్నాడు. తను పలకను చూస్తుంటే, అది తనను చూస్తోందన్నమాట! దిక్కుతోచక స్వామివారి వైపు తిరిగాడు.

"నీ మొహం చదవడం అంత తేలికేం కాదు, భుజంగం" అన్నారాయన మెల్లగా. "పిల్ల తెలివైనదే."

పెరట్లో పంచె గాలికి ఉబ్బుతోంది, తగ్గుతోంది. చిట్టచివరకు అవతల గొణుగుడు మొదలైంది. కొ... బ్బ... రి... బలపం కదిలింది. ఆగింది. తుడిచిన చప్పుడు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ నిట్టూర్చలేదు, అయినా తుడిచింది. ఎందుకు తుడిచింది? సరైనదాన్నే చెరిపేసుకుందా? భుజంగరావుకు ఒళ్లంతా జెర్రులు పాకుతున్నట్టుంది. స్వామివారు తర్వాతి మాట తమ్ముడు అన్నారు, నిచ్చెన అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. నోట్లో నీళ్లు ఎప్పుడు మింగాడో అతనికే తెలియదు.

స్వామివారు పలక తెప్పించుకుని, "ఏం రాశావో చదివి వినిపించు" అన్నారు. పిల్ల వేలు పెట్టి చదివింది. "కొబ్బరికాయ. త... ము... డు. తముడు... ఇదేటి? ఈడికి ఒత్తు నేదు!" అని తనే కోపంగా చెరిపి, తనే ఒత్తు పెట్టింది. తమ్ముడి మీద ఉన్న కసి అంతా ఆ ఒత్తులో కనిపించింది. నిచ్చెన దగ్గరకొచ్చేసరికి మాత్రం, అక్కడా ఒత్తు లేకపోయినా, ఉన్నట్టే చదివేసి ముందుకు వెళ్లిపోయింది. భుజంగరావు చెయ్యి బలపం కోసం దానంతట అదే ముందుకు సాగింది. స్వామివారు పలకను పిల్ల చేతికిచ్చి, "వెళ్లు తల్లీ" అన్నారు. పిల్ల గెంతుకుంటూ వెళ్లిపోయింది.

"స్వామీ! నిచ్చెన తప్పు!"

"అవును."

"రేపు అదే మాట ఇస్తే?"

"తప్పు రాస్తుంది."

"తమ్ముడి పక్కన కూర్చోబెడితే? మళ్లీ బడి గడప తొక్కుతుందా ఆ పిల్ల?"

తను చెప్పాలా వద్దా అన్నది ఎక్కడైనా దొరుకుతుందేమోనని అతను స్వామివారి మొహంలోకి చూశాడు. అక్కడ ఏమీ రాసి లేదు. ఆయన పంచె ఆరిందా లేదా అని తడిమి చూసుకుంటున్నారు.

పొద్దు వాలాక ఉండలేకపోయాడు భుజంగరావు. ఒక్క ఒత్తే కదా, చెవిలో చెప్పి వచ్చేస్తే ఎవరికి నష్టమని బయలుదేరాడు. అప్పలనర్సమ్మ గుడిసె ముందు పిల్ల ఒక్కతే కూర్చుని రాసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. పక్కన జగ్గు ఏదో అంటున్నా తల ఎత్తడం లేదు. జీడిమామిడి చెట్టు చాటున నిలబడ్డాడు భుజంగరావు. అక్కడి నుంచి పలక వెనక వైపే తప్ప ఏమీ కనబడదు. ఏం రాస్తోందో, ఒప్పో, తప్పో! ముందుకు ఒక అడుగు వేశాడు. అడుగు చప్పుడుకు పిల్ల తల ఎత్తబోయింది. గభాలున వెనక్కి తగ్గి, చెట్టు మొదలుకు కరుచుకుపోయాడు. ఆ మనిషి, ఆ వయసులో! వచ్చిన పని చేయకుండానే తిరిగి వచ్చేశాడు.

సోమవారం మధ్యాహ్నం బడి వదిలేసరికి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు. ముందు జగ్గు వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని. "నాను సోటు కూడా ఉంచాను. రానేదు" అన్నాడు, ఎవరో తనకు అన్యాయం చేసినట్టు. వెనకాలే ఢిల్లీశ్వరి పరిగెత్తుకొచ్చింది.

"బాబూ! నాను మా వరసలోనే ఉన్నాను!"

"నిచ్చెన ఇచ్చారా?" అని అడగనే అడిగాడు, పాత అలవాటు.

"ఇచ్చారు. అదొక్కటే తప్పోయింది. టీచరు దాన్ని కొట్టీసి, పక్కన రైటుగా రాసింది. ఇంక తప్పోదులెండి" అని, పిల్ల అతని మొహంకేసి అయినా చూడకుండా, తమ్ముణ్ణి జబ్బ పట్టుకుని లాక్కుంటూ అన్నానికి వెళ్లిపోయింది.

భుజంగరావు ఆశ్రమానికి నడిచి వచ్చాడు. సంతోషంగానే ఉంది. కానీ సంతోషం ఎటు నుంచి వచ్చిందో తెలియడం లేదు. మందిరంలో స్వామివారు మహానైవేద్యం పళ్లెం తీసుకెళుతున్నారు. వెనకాలే వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు.

"స్వామీ, దగ్గరుండి కంటికి రెప్పలా చూసుకుంటే రాలేదు. నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుంటే వచ్చింది. అయితే నేను చేసిందేమిటి? చేయవలసిందేమిటి? నాకేమీ అర్థం కావడం లేదు."

స్వామివారు పళ్లెం నారాయణమూర్తి ముందు పెట్టారు. అన్నం మీద నెయ్యి వేశారు, తులసి దళం ఉంచారు. చేతులు జోడించి, వెనక్కి నడిచి, గడప ఇవతలకు వచ్చి తెర లాగారు. భుజంగరావు చూపు ఇంకా లోపలికే ఉంది. తెర సందులోంచి పళ్లెం కనిపిస్తోంది. స్వామివారు ఆ సందు కూడా మూసి, అతని భుజం పట్టుకుని నెమ్మదిగా బయటి వైపు తిప్పారు.

"వడ్డించడం మన వంతు, భుజంగం. వడ్డించి, ఇలా కళ్లార్పకుండా నిలబడితే, పాపం ఆయన మాత్రం ఎలా తింటాడు?"