రోటరీ బండి, పక్క సీటు

ఇది మంచిదా, అది మంచిదా అని అడిగినవాళ్లకు సన్యాసయ్య మేస్త్రి సూటిగా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి ఆ పూట తన దగ్గరే ఉంచుకుని ఏదో ఒక పని పురమాయించేవారు. సాయంత్రం ఇంటిదారి పట్టేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరు విసుక్కుని మళ్లీ వచ్చేవారు కాదు. ఓడల ఇంజన్ల మీద ముప్ఫయ్యేళ్లు పనిచేసి, ఆ తర్వాత విశాఖపట్నం ఆటోనగర్‌లో చివరి వరసన షెడ్డు పెట్టుకున్న మనిషి ఆయన. అక్కడ పని నేర్చుకున్నవాళ్లందరూ ఆయన్ని గురువుగారనే పిలిచేవారు.

ఆ శిష్యుల్లో గౌరీశంకర్ ఒకడు. నలభై నాలుగేళ్లవాడు, ఓడరేవు ఆఫీసులో నక్షలు గీసే ఉద్యోగి. పెళ్లి చేసుకోలేదు. సెలవు రోజుల్లో ఎవరితోనూ మాట్లాడే పని పడేది కాదు కాబట్టి, సోమవారం ఉదయం ఆఫీసులో మొదటి మాట అనబోయేసరికి గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని పక్క బల్లవాళ్లు అడిగేవారు. అవునని చెప్పేవాడు.

అతనికి ఉన్నదల్లా ఒక కారు. పాత కాంటెస్సా బాడీలో, జపాను నుంచి వచ్చిన రోటరీ ఇంజను బిగించి ఉంటుంది. మామూలు ఇంజన్లో పిస్టన్లు కిందికీ మీదికీ ఆడతాయి. రోటరీలో పిస్టన్లే ఉండవు. మూడు మూలల దిమ్మ ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆ మూలల్లో గోరంత మందం సీళ్లు ఉంటాయి. పెట్రోలు ఒక్క పాలు తక్కువైనా, నిప్పురవ్వ ఒక్క క్షణం ముందు పడినా, సీలు విరుగుతుంది. సీలు విరిగితే ఇంజను పోయినట్టే.

పెట్రోలు ఎంత పోవాలో, రవ్వ ఎప్పుడు పడాలో చెప్పడానికి ఒక కంప్యూటరు పెట్టె ఉంటుంది. ఇంజనుతోపాటు వచ్చిన పెట్టె ఇలా మార్చి కట్టిన బండికి పనికిరాదు. బయటిది ఒకటి కొని, అందులో అంకెలన్నీ కొత్తగా వేసుకోవాలి. అది షెడ్డులో కూర్చుని చేసే పని కాదు. రోడ్డు మీద ఒకరు బండి తోలుతూ ఉంటే, ఇంకొకరు పక్క సీటులో ల్యాప్‌టాప్ పెట్టుకుని అంకెలు చూస్తూ ఉండాలి. తేడా కనిపించగానే యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యమని చెప్పాలి.

ఆ పక్క సీటులో ఎనిమిదేళ్లు ఖలీల్ కూర్చున్నాడు. అతనూ సన్యాసయ్య మేస్త్రి శిష్యుడే. మూడేళ్ల కిందట, ఆనందపురం దాటాక ఉన్న ఖాళీ రోడ్డు మీద, ఇంజను ఒక్కసారిగా దడదడలాడి, సీలు విరిగి ఆగిపోయింది. "నీ అంకెలే తప్పు," అన్నాడు గౌరీశంకర్. ఖలీల్ ల్యాప్‌టాప్ మూసి, తలుపు తీసుకుని దిగి, బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కోయంబత్తూరులో, రేసు కార్లు తయారుచేసే చోట చేరాడని ఎవరో చెప్పారు.

ఆ మూడేళ్లూ గౌరీశంకర్ రెండో ఇంజనును ఒంటరిగా కట్టాడు. పాత పెట్టె దీనికి సరిపోదు, ఇక కొత్తది కొనాలి. కొత్త నోటుపుస్తకంలో, నక్షలు గీసే చేత్తో గీతలు గీసి, దొరికే పెట్టెలన్నిటి గుణగణాలూ వరసగా రాసుకున్నాడు. ఒక ఆదివారం ఉదయం ఆ పుస్తకం పట్టుకుని షెడ్డుకు వచ్చాడు.

"గురువుగారూ, అన్నీ తీసేస్తే రెండు మిగిలాయి. ఒకటి తనంతట తనే నేర్చుకుంటుంది. మనం తోలుతూ ఉంటే చాలు, అంకెలు అదే సర్దుకుంటుంది. పక్కన మనిషి అక్కర్లేదు. రెండోదానికి ప్రతి అంకే చేత్తో వెయ్యాలి. ఇద్దరు లేందే కుదరదు. రోటరీకి ఏది మంచిదంటారు?"

మేస్త్రి అద్దాలు పెట్టుకుని పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. "దస్తూరీ బాగుంది," అని తిరిగి ఇచ్చేశారు.

అప్పుడే సందులోకి ఒక పొడుగాటి లారీ వచ్చింది. ఎదుటి షెడ్డుకు ఇనప రేకులు తెచ్చింది. వెనక్కి నడిపి, రెండు సిమెంటు స్తంభాల మధ్య నుంచి లోపలికి పెట్టాలి. కొత్త లారీ. వెనక కెమెరా ఉంది. డ్రైవరు ముందర దాని బొమ్మ కనిపించే తెర ఉంది. వెనక్కి కదిలితే చాలు, కుయ్‌కుయ్‌మని మోత మొదలవుతోంది. డ్రైవరు మూరెడు వెనక్కి పోనిచ్చి ఆపాడు. దిగి, వెనక్కి నడిచి, స్తంభాన్ని చూసుకుని, మళ్లీ ఎక్కాడు. ఇంకో మూరెడు. మళ్లీ దిగాడు. అలా ఆరుసార్లయింది. యాభై దాటిన మనిషి, ఎక్కి దిగడానికే ఆయాసపడుతున్నాడు.

"వెళ్లి వెనక నిలబడు," అన్నారు మేస్త్రి.

"నాకు లారీల సంగతి తెలీదు గురువుగారూ."

"నిలబడ్డం తెలుసు కదా."

గౌరీశంకర్ వెళ్లి నిలబడ్డాడు. రానిమ్మని అనబోతే మొదట గొంతు పెగల్లేదు. దగ్గి, గట్టిగా "రానీ" అన్నాడు. లారీ కదిలింది. "రానీ, రానీ. ఎడం కొట్టు. ఇంకొంచెం. రానీ." అరచేత్తో లారీ బాడీ మీద తడుతూ, దానితోపాటే వెనక్కి నడిచాడు. డ్రైవరు ముఖం కనిపించడం లేదు. పక్క అద్దంలో మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. ఒకచోట లారీ మూల స్తంభానికి బెత్తెడు దూరంలోకి వచ్చింది.

"ఆపు," అన్నాడు. పెద్దగా కూడా అనలేదు.

లారీ ఉన్నచోటే ఆగిపోయింది.

గౌరీశంకర్ చెయ్యి ఇంకా లారీ మీదే ఉంది. ఆ డ్రైవరుకు తన పేరు తెలీదు. తనకు లారీ పని వచ్చో రాదో కూడా అతనికి తెలీదు. ఒక్క మాటకు అంత బరువునూ ఆపేశాడు. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు గౌరీశంకర్‌కు గుర్తొచ్చింది. ఆ రోజు ఆనందపురం రోడ్డు మీద ఖలీల్ "కాలు తియ్యి" అన్నాడు. స్పష్టంగానే అన్నాడు. తను విన్నాడు. ఇంజను అంత నిండు గొంతుతో పాడుతూ ఉంటే కాలు తియ్యబుద్ధి కాలేదు. ఇంకొక్క క్షణం చూద్దామనుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు మాటలకే లారీ లోపలికి వెళ్లిపోయింది. డ్రైవరు దిగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"కెమెరా ఉంది కదయ్యా, మరెందుకు అన్నిసార్లు దిగుతావు?" అని అడిగారు మేస్త్రి.

"ఉంది బాబూ. అరుస్తాది కూడాను. గోడొచ్చినా అరుస్తాది, గడ్డొచ్చినా అరుస్తాది. ఏటికి అరిసిందో నాను దిగి సూసుకోవాల."

"క్లీనరు లేడా?"

"ఇదెట్టినాక అక్కర్లేదని మాన్పించీసినారు. ఏడాది దాటిపోనాది. రాయపూర్ కాణ్ణించి ఒక్కణ్ణే వస్తన్నాను. రెండ్రోజులు నోరిప్పి మాటాడ్డానికి మనిసి నేడు." గౌరీశంకర్ వైపు తిరిగి, "తమరు ఆపమంతే పేనం కుదటపడ్డాది బాబూ," అని నవ్వి, కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి వెళ్లిపోయాడు.

మేస్త్రి గౌరీశంకర్‌కు ఒక కార్బొరేటరు ఇచ్చి కడగమన్నారు. అతను మధ్యాహ్నం దాకా కడిగి, చెప్పకుండా లేచి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం, ఎండ ఇంకా కిటికీలో ఉండగానే, ఖలీల్‌కు ఫోను చేశాడు. నంబరు మారి ఉంటుందనుకున్నాడు. మారలేదు.

"చెప్పు శంకర్," అన్నాడు ఖలీల్.

ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకున్నదంతా పోయింది. "ఆ రోజు నువ్వు కాలు తియ్యమన్నావు. నాకు వినపడింది," అన్నాడు గౌరీశంకర్.

అవతల ఎక్కడో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. ఖలీల్, "తెలుసు," అన్నాడు.

తరువాతి ఆదివారం గౌరీశంకర్ షెడ్డుకు వచ్చేసరికి మేస్త్రి బల్ల మీద నట్లు ఏరుతున్నారు. అతను ఎదురుగా కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పాడు. మేస్త్రి చేతిలో పని ఆపకుండానే విన్నారు.

"ఇంకేమన్నాడు?"

"ఏ పెట్టె కొన్నావని అడిగాడు. ఇంకా కొనలేదన్నాను."

"వస్తానన్నాడా?"

"నేను అడగలేదు. అతనూ అనలేదు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరకలేదు గురువుగారూ. చాలాసేపు అలాగే ఉండిపోయాం. ఫోను మాత్రం ఎవరం కట్ చెయ్యలేదు."

మేస్త్రి అప్పుడు తలెత్తి అతని వంక చూశారు.

"అలాగైతే ఇద్దరూ ఉన్నట్టే. పెట్టె ఏదైనా పరవాలేదు," అన్నారు.