గడ్డి పీకమన్నా చిత్తమే!

ఏ రాజ్యమో పేరెందుకు లెండి, దాన్ని పెద్దిభూపతి అనే రాజు ఏలేవాడు. ఆయనకి గుర్రబ్బండి మీద మోజు పుట్టి, పల్లకీలు మాన్పించేశాడు. దాంతో పల్లకీలు మోసే బోయీలపేట మొత్తానికి పని పోయింది. ఏ ఇంట్లోనూ పొయ్యి సరిగ్గా వెలగడం లేదు.

సంగతి విని రాజు మనసు కరిగింది. "ఆ పేటలోంచే నాయకుల్ని తయారు చెయ్యి, వాళ్ళే ఏదో దారి చూసుకుంటారు" అని శేషావధాని అనే పండితుణ్ణి పంపాడు. అవధాని కొందరిని ఏరి, నెల్లాళ్ళు పాఠాలు చెప్పి, తలపాగాలు చుట్టించి కొలువులో నిలబెట్టాడు.

"చూశావా తిప్పనా, నాయకుల్ని ఎలా పుట్టించానో!" అని రాజు మీసం దువ్వాడు.

తిప్పన ఆ కొలువులో మాటకారి. "బ్రహ్మాండం ప్రభూ! ఓ చిన్న పరీక్ష పెట్టండి. వాళ్ళ ఇళ్ళ కప్పుల మీది గడ్డి పీకి మన గుర్రాలకి మేత వెయ్యమనండి. నాయకులైతే తిరగబడరూ?"

"తిరగబడక చస్తారా!" అని నవ్వి, రాజు అలాగే ఆజ్ఞ వేశాడు.

"చిత్తం మహాప్రభూ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఒకడైతే అప్పుడే గడ్డి పీకడానికి బయల్దేరాడు కూడా.

రాజు మొహం మాడిపోయింది. "ఇదేనటయ్యా అవధానీ, నువ్వు నేర్పింది?"

"వినయమే మొదటి పాఠం ప్రభూ" అన్నాడు అవధాని.

ఇంతలో ఆ బయల్దేరినవాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది నూకాలు. ఆమె ఓ బోయీ భార్య. తిప్పన పిలిపిస్తే వచ్చి వాకిట్లో నిలబడి ఉంది.

"మా కొంపల మీది గడ్డి ముట్టుకుంటే ఊరుకోను! ఎందుకు పీకాలంట?"

"ఈవిణ్ణి మొదటిరోజే వెళ్ళగొట్టాను ప్రభూ. ప్రతిదానికీ ఎందుకంటుంది" అని అవధాని గొణిగాడు.

"మరి మీకేం కావాలమ్మా?" రాజు గొంతు తగ్గింది.

"మీ బండి కొండెక్కుద్దా మారాజా? కొండ ఊళ్ళలో రోగమొచ్చినోళ్ళని వైద్యుడి కాడికి మోసే దిక్కు లేదు. ఆ పని మాకిప్పించండి. పల్లకీలు మీ సావిట్లో ఊరికే పడున్నాయి."

ఇంతేనా! ఈపాటి మాట తనకి తట్టనందుకు రాజు సిగ్గుతో చితికిపోయాడు. పనీ, పల్లకీలూ అక్కడికక్కడే ఇప్పించాడు. "పేట పెద్దవి ఇక నువ్వే. మిగతావాళ్ళని నువ్వే తయారు చెయ్యి. ఎందుకని అడగగలిగినవాళ్ళనే ఏరుకో" అన్నాడు.

ఆమె వెళ్ళాక రాజు అడిగాడు. "తిప్పనా, పల్లకీలు మాన్పించే ముందు మిమ్మల్నందర్నీ అడిగాను గదా. అప్పుడే ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఎన్నడూ తడుముకోని తిప్పన తడుముకున్నాడు. "అందరికంటే ముందు చిత్తం అన్నది నేనే ప్రభూ."

"అన్నవాడివి నువ్వు. విని మురిసినవాణ్ణి నేను!" అని రాజు పెద్దగా నవ్వి, తన హారం తీసి అతని మెడలో వేశాడు. వేసేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.