తిమింగలం ఎక్కినప్పటి పై ఖర్చులు

సముద్రం ఒడ్డున ఓ జీడిమామిడి అడవి ఉంది. దాన్ని ఉప్పుగాలి అడవి అనేవాళ్ళు. అందులో కుందేళ్ళు, ఉడతలు, ముంగిసలు, ఓ నెమలి, ఓ పందికొక్కు ఉండేవి. ఆ అడవిలో జీడిపిక్కలే డబ్బులు. పిక్కలిస్తే ఏదైనా దొరికేది. నీళ్ళు మాత్రం ఊరికే. ఇసకలో కాలితో గీరితే చాలు, తియ్యటి చెలమ ఊరేది. నీళ్ళు కొనుక్కున్నవాడు ఆ అడవిలో పుట్టనే లేదు.

ఓ ఎండాకాలం, పౌర్ణమి పోటుకి ఒడ్డు దాకా ఓ తిమింగలం వచ్చింది. దాని నెత్తి మీద కొంగ నిలబడి కేకలేసింది.

"రండి బాబూ రండి! సముద్రంలోకి షికారు! తిమింగలాలు పిల్లల్ని పెట్టే దీవి దాకా తీసుకెళ్తాం! తలకి బుట్టెడు పిక్కలు! తిండి మాదే! పడక మాదే!"

పందికొక్కు పేరు నరసాయమ్మ. మొగుడు పోయాక ఒక్కతే కన్నం తవ్వుకుని, ఒక్కతే గింజలు కూడబెట్టుకుని బతుకుతోంది. చిన్నప్పట్నుంచీ దానికి ఒకటే కోరిక. అప్పుడప్పుడూ దూరంగా సముద్రంలోంచి నీళ్ళు చెట్టంత ఎత్తు లేచేవి. ఆ నీళ్ళ కింద ఏముందో, దాని పిల్లలెలా ఉంటాయో ఓసారి కళ్ళతో చూడాలి. అంతే. ఈ తిమింగలం మళ్ళీ ఎప్పుడొస్తుందో, అప్పటికి తనుంటుందో ఉండదో.

అయినా నరసాయమ్మ పరిగెత్తి బుట్ట ఇచ్చెయ్యలేదు. ముందు ఒడ్డున గుడ్లు పెట్టుకుంటున్న తాబేలు దగ్గరికెళ్ళి కూర్చుంది.

"వదినా, సముద్రంలో తిరిగేదానివి నువ్వు. తాగడానికి నీళ్ళుంటాయా అక్కడ?"

"అన్నీ నీళ్ళే. చుక్క తాగలేవు. తాగితే దాహం ఇంకా పెరుగుద్ది. గూడబాతు మంచినీళ్ళు తెచ్చి అమ్ముద్ది. గుక్కకి ఓ పిక్క."

"మరి దీవిలో దిగడం?"

"తిమింగలం లోతులోనే ఆగిపోద్ది. అక్కణ్ణించి మా వాళ్ళ వీపు మీద పోవాలి. మేమేం చుట్టాలం కాదు గదా, ఊరికే మొయ్యడానికి!"

నరసాయమ్మ ఇంటికొచ్చి గోనెపట్టా ముక్క పరిచింది. గూడబాతుకిన్ని, తాబేలుకిన్ని అని పిక్కలు విడివిడిగా ముడులేసింది. కాసేపు ఆలోచించి మూడో ముడి కూడా వేసింది. అదెందుకో దానికే తెలీదు. తెలీని ఖర్చుకి కూడా ఏదో ఒకటుండాలి గదా అనుకుంది. అన్నీ పోగా మిగిలినవి చూస్తే, బుట్టెడే. తిమింగలం తోక దగ్గర చోటుకే సరిపోయాయి.

నెమలి పేరు గవర్రాజు. వాడు బుట్టెడు పిక్కలిచ్చి, మిగిలినవన్నీ కూడా కొంగ కాళ్ళ దగ్గర పోసేశాడు.

"నాకు నెత్తి మీద చోటు కావాలి. ముందు నేను కనపడాలి, తర్వాతే సముద్రం కనపడాలి."

వెనక్కి తిరిగి నరసాయమ్మ మూటని చూసి పకపకా నవ్వాడు. "ఏంటత్తా, మూడు ముళ్ళేశావు? మళ్ళీ పెళ్ళా?"

"పెళ్ళికైతే పిల్చేదాన్ని లేరా. ఇవి పై ఖర్చులకి."

"తిండీ పడకా వాళ్ళదే అన్నాక ఇంకా పై ఖర్చేంటి? చాదస్తం కాకపోతే!"

నరసాయమ్మ మూట చంకన పెట్టుకుంది. తోక దగ్గరికెళ్ళి కూర్చుంది.

తిమింగలం కదిలింది. నేలే కదిలినట్టు కదిలింది. బురద రంగు నీళ్ళు పచ్చగా అయ్యాయి. పచ్చ పోయి నీలం వచ్చింది. ఆ నీలం చిక్కబడి చిక్కబడి, కింద అడుగనేదే లేదన్నట్టు నల్లబడింది. నరసాయమ్మ వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు లేదు. చెట్టు లేదు. ఎటు చూసినా ఆకాశం వచ్చి నీళ్ళమీద ఆనుకుంది. ఇంత పెద్ద చోటుందని ఇన్నాళ్ళూ తెలీకుండా కన్నంలో బతికానా అనుకుంది. చేపలు గుంపుగా నీళ్ళలోంచి లేచి, పిట్టల్లా ఎగిరి, మళ్ళీ మునిగాయి. తిమింగలం ఊపిరి వదిలింది. ఆ తుంపర్లలో ఇంద్రధనస్సు పడింది. నరసాయమ్మ ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరిగింది. గూడబాతు కింది ముక్కు సంచినిండా నీళ్ళతో వచ్చి వాలింది.

"మంచినీళ్ళు! గుక్కకి ఓ పిక్క!"

గవర్రాజు కస్సుమన్నాడు. "నీళ్ళకి పిక్కలా? మా అడవిలో కాలితో తన్నితే వస్తాయి నీళ్ళు!"

"అయితే ఇక్కడ కూడా తన్నుకో" అంది గూడబాతు.

వాడు పంతానికి పోయి ఉప్పునీళ్ళు తాగాడు. ఇంకో గుక్క తాగాడు. గొంతు మండిపోయింది. కొంగ మీద పడ్డాడు. "అన్నీ మీవే అన్నావు!"

"తిండి అన్నాను, పడక అన్నాను. నీళ్ళన్నానా? నువ్వు అడిగావా?"

మర్నాటికి వాడి మెడ వాలిపోయింది. నెత్తి మీంచి దిగి, తడబడుకుంటూ తోక దగ్గరికొచ్చాడు.

"అత్తా... చచ్చిపోతానేమో. ఆ మూట..."

నరసాయమ్మ ముడులు తడుముకుంది. నీళ్ళ ముడి తనకే సరిపోతుంది. తాబేలు ముడి విప్పితే దీవి లేదు, ఇన్నేళ్ళ కోరిక లేదు. వాడి వంక చూసింది. మూడో ముడి విప్పింది.

"ఇదిగో, నిలబడే ఓపిక వచ్చేదాకా కొనుక్కు తాగు. అయిపోయాక నన్నడక్కు, నా దగ్గర లేవు. లేచి గూడబాతు దగ్గరికెళ్ళు. దాని సంచిలో నీళ్ళు ఎండకి ఉడికిపోతున్నాయి. నీకేమో అంత పెద్ద తోకుంది."

"నేను... గొడుగు పట్టాలా?"

"అందం దాహం తీరుస్తుందేమో చూస్కో మరి!"

గవర్రాజు వెళ్ళాడు. గూడబాతు బేరానికి ఒప్పుకుంది. ఆ పూట నించీ వాడు సముద్రానికి వీపు పెట్టి, పింఛం విప్పి గూడబాతు మీద నీడ పట్టాడు. పొద్దంతా నిలబడితే సాయంత్రానికి కడుపు నిండా నీళ్ళిచ్చేది. కాస్త పక్కకి తిరిగితే చాలు, "ఏయ్, ఎండ పడుతోంది!" అని అరిచేది.

అలా ఇంకో రెండు రోజులు గడిచి, తెల్లారేసరికి దీవి వచ్చింది. తిమింగలం లోతులో ఆగింది. నరసాయమ్మ ముడి విప్పి పిక్కలిచ్చి తాబేలు వీపెక్కింది. గవర్రాజు మెడ తిప్పి చూశాడు. ఎగిరిపోదామనుకున్నాడు. నెమలి కంచె దాటుద్ది గాని సముద్రం దాటుద్దా? పైగా గూడబాతు కదలనివ్వలేదు.

దీవి వెనకాల పెద్ద మడుగుంది. అక్కడ సూర్యుడు నీళ్ళలోంచి ఎర్రగా లేస్తున్నాడు. ఆ ఎరుపులో తల్లి తిమింగలాలు కొండల్లా పడుకుని ఉన్నాయి. ఒక తల్లి పక్కనుంచి పిల్ల పైకొచ్చింది. పిల్లే, నరసాయమ్మ ఎరిగిన చెట్లన్నిటికంటే పొడుగు. అది పాలు తాగుతుంటే చుట్టూ సముద్రం తెల్లబడింది. ఆ పిల్ల ఈదుకుంటూ తాబేలు దగ్గరికొచ్చి ఒక కన్ను తెరిచింది. నరసాయమ్మ కన్నం గుమ్మమంత కన్ను. అందులో చిన్న పందికొక్కు కనపడింది.

అప్పుడు తల్లి పాడింది. ఆ పాట చెవికి రాలేదు. తాబేలు డిప్పలోంచి కాళ్ళకెక్కి, కడుపులో మోగింది. నరసాయమ్మకి మూట గుర్తు లేదు, దాహం గుర్తు లేదు, తనెవరో కూడా గుర్తు లేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు అడవంతా ఒడ్డుకొచ్చింది. అందరూ ముందు గవర్రాజు చుట్టూ మూగారు.

"బావా, బావా! తిమింగలం పిల్ల ఎంతుంది?" అంది కుందేలు.

వాడు మెడ నిటారుగా ఎత్తాడు. నోరు తెరిచాడు. ఎంత వెతికినా చెప్పడానికేం దొరకలేదు.

"గూడబాతు ముక్కు... చాలా పొడుగ్గా ఉంటుంది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అది వాడికి ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పుడు అందరూ నరసాయమ్మ వైపు తిరిగారు. అదీ చెప్పబోయింది. మాటలు చాల్లేదు. ఇసకలో కూర్చుని, పొట్ట నేలకి ఆనించి, సన్నగా హుమ్మని మోగించింది. ఇసక అదిరింది. ఉడతలు, కుందేళ్ళు, ముంగిసలు ఒకదాని పక్కన ఒకటి పొట్టలు నేలకానించి పడుకున్నాయి. ఉప్పుగాలి అడవి అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. అన్నిటికంటే చివర, పింఛం ముడుచుకుని గవర్రాజు కూడా పడుకున్నాడు. వెళ్ళొచ్చిన చోటు సంగతి వాడు అప్పుడే మొదటిసారి విన్నాడు.

నీతి: ఎక్కడానికి ఇచ్చేదొక్కటే ప్రయాణం ఖర్చు కాదు. ముందే అడిగి తెలుసుకుని పై ఖర్చులకి విడిగా మూట కట్టుకున్నవాళ్ళే చూడాల్సింది కళ్ళారా చూస్తారు. కట్టుకోనివాళ్ళు అంత దూరం వెళ్ళీ వీపు తిప్పి నిలబడతారు.