బల్ల మీది పిస్టన్

ఆ శుక్రవారం పొద్దున్నించీ జయసింహ ప్రాణానికి ఒకే ఒక్క అంకె అడ్డం తగులుతోంది. పద్నాలుగు.

కారు డైనో మీద ఉంది. డైనో అంటే నేలలో అమర్చిన ఇనుప రోలర్లు. కారును వాటి మీదికి ఎక్కించి, కదలకుండా కట్టేసి, యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు గిరగిరా తిరుగుతాయి గానీ బండి అంగుళం ముందుకు పోదు. ఇంజను బలమెంతో, ఒక పాలు పెట్రోలుకు ఎన్ని పాళ్లు గాలి పడుతోందో, పక్కనున్న తెర మీద కనిపిస్తుంది. టర్బో గట్టిగా గాలి ఊదే వేళ ఆ లెక్క పదకొండున్నర దగ్గర ఉండాలి. పద్నాలుగు దాకా పోయిందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. పెట్రోలు చాలని ఇంజను లోపల్లోపలే కాగిపోయి, చివరికి పిస్టన్‌నే కరిగించేస్తుంది.

ఆ ముక్క జయసింహకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అలా కరిగి నడినెత్తిన చిల్లి పడిన పిస్టన్ ఒకటి తెర పక్కనే, బల్ల మీద కూర్చుని ఉంది. ఏడు నెలల కిందట ఇదే కారులోంచి ఊడదీసింది. కాస్త పెట్రోలు తగ్గిస్తే ఇంకాస్త బలం వస్తుందని ఆశపడి తగ్గించింది ఇతనే. ఆ రోజు నుంచి దాన్ని కళ్లెదుటే పెట్టుకున్నాడు. చూసినవాళ్లు కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడేమో అనుకునేవాళ్లు.

కారు సుభాషిణిది. కడప దగ్గర నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నడుపుతుంది. ఏడాదికి నాలుగైదు సార్లు పందేలకు పోతుంది. ఇంజను పాడు చేసినవాడి చేతికే మళ్లీ కారు తాళాలు ఇచ్చింది. "ఇంకెవరికిస్తాను సింహా? ఇంకొకడు మళ్లీ మొదటి నుంచి తప్పులు మొదలుపెడతాడు," అని నవ్వింది. ఆ నవ్వే అతన్ని నిద్రపోనివ్వకుండా చేసింది. ఈసారి కూడా ఇంజను పోతే ల్యాప్‌టాప్ మూసి, ఈ పనికి దండం పెట్టి సొంతూరు ప్రొద్దుటూరు బస్సెక్కెయ్యాలని గట్టిగా అనుకున్నాడు. పందెం ఆదివారం. నాలుగు గంటలకు కారును ఎక్కించుకుపోవడానికి లారీ వస్తుంది.

పొద్దున మొదటి పరుగులో పదమూడు చూపించింది. ఇంజనుకు తగిలించిన ల్యాప్‌టాప్‌లో మీట నొక్కి పెట్రోలు పెంచాడు. పదమూడున్నర. ఇదేం చోద్యమని ఇంకాస్త పెంచాడు. పద్నాలుగు! పొగగొట్టంలో పొగను కొలిచి మీటరుకు చెప్పే సెన్సర్ తీసి కొత్తది వేశాడు. పెట్రోలు పంపు మార్చాడు. మళ్లీ పెంచాడు. అంకె దిగిరాదే! పెట్టేకొద్దీ చాలదంటోంది. ప్రతి పరుగు తర్వాతా కారు దిగి, బల్ల దగ్గరికొచ్చి, ఎడమచెయ్యి ఆ పిస్టన్ మీద వేసి, తెర వంక చూసి, మళ్లీ కారెక్కడం. పన్నెండింటికల్లా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సుభాషిణి గోడ పక్క స్టూలు మీద కూర్చుని ఏమీ అడగకుండా చూస్తోంది. అడిగినా బాగుండుననిపించింది అతనికి.

అప్పుడొచ్చాడు ఉస్తాద్ మస్తాన్ వలీ. జుమ్మా నమాజుకు తలంటు పోసుకుని, ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీ పైజమా వేసుకుని, అత్తరు పూసుకుని ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి. షెడ్డు ఆయనదే, డైనో ఆయన కొన్నదే. అయినా తెర ముందు కుర్చీని మూడేళ్ల కిందటే జయసింహకు అప్పగించి, తను గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏమప్పా సింహమా, గర్జన ఇంకా రాలే?"

"పెట్రోలు అందడంలేదు ఉస్తాద్. ఎంత పెంచినా మీటరు చాలదనే అంటోంది. పెట్రోలు ఇంకా చిమ్మేట్టు ఇంజెక్టర్లు పెద్దవి వేసేస్తా, ఇంక అదొక్కటే దారి."

ఉస్తాద్ ముక్కు ఎగబీల్చాడు. షెడ్డంతా పెట్రోలు వాసన.

"ప్లగ్గులు చూసినావా?"

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. బండి నడిచాక స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, అంచులు వంకరపోయిన సత్తు పళ్లెంలో వరసగా పేర్చేవాళ్లు, ఏ సిలిండర్‌ది ఆ స్థానంలో. వాటి రంగు చూసి లోపల మంట ఎట్లా ఉందో ఉస్తాద్ చెప్పేవాడు. మీటరు వచ్చిన రోజునే జయసింహ ఆ పళ్లేన్ని అటక మీద పడేశాడు.

"మీటరు పెట్టుకుని ప్లగ్గులేంది ఉస్తాద్! ఆ కాలం పోయింది గదా. ఈ మీటరు పాయింటుతో సహా చెప్తుంది, అబద్ధం చెప్పదు."

మాట కాస్త పెళుసుగానే వచ్చింది. సుభాషిణి తల దించుకుంది. ఉస్తాద్ మాత్రం ఏమీ అనుకోలేదు.

"సరే. నాకోసం ఇంకొక్కసారి తొక్కు."

జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, పొడుగాటి పట్టకారుకు చిక్కించుకుని, కారు వెనక్కి నడిచాడు. పొగగొట్టానికి రెండు మూరల ఎడంగా, పక్కకు నిలబడి రుమాలు చాచాడు. జయసింహ కారెక్కి తొక్కాడు. ఇంజను కేక పెట్టింది. పైకి పోయేకొద్దీ మధ్యమధ్యన టప్, టప్‌మని ఎగిరిపడింది. అతను పెడల్ వదిలేసి పరుగున బల్ల దగ్గరికొచ్చాడు. పద్నాలుగు పాయింట్ రెండు.

"చూశారా? చూశారా ఉస్తాద్? ఇంకా పెరిగింది!"

ఉస్తాద్ రుమాలును తెచ్చి తెర మీద కప్పేశాడు. అంకె కనపడలేదు. రుమాలు నడుమ అరచేతంత నల్లటి మసి, దాని చుట్టూ తడి. ఆ తడి పెట్రోలు కంపు కొడుతోంది. ఆయన లాల్చీ చేతుల మీద కూడా సన్నగా మసి చుక్కలు పడ్డాయి.

"తిన్నది అరక్క కక్కుకుంటా ఉంటే, ఆకలి అంటాండావేందిరా అబ్బీ?"

"కానీ ఉస్తాద్, అంకె..."

ఉస్తాద్ వినిపించుకోలేదు. వంగి, బల్ల మీది పిస్టన్ తీసి లాల్చీ జేబులో వేసుకున్నాడు. ఇస్త్రీ జేబు బరువుకు కిందికి సాగింది.

"అది ఎక్కడికి?" జయసింహ కంగారుపడ్డాడు.

"నమాజుకు. ఈడ కూర్చోని ప్రతిసారీ నీకంటే ముందు మీటరును ఇదే చదువుతాంది."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

జయసింహకు ఒళ్లు మండిపోయింది. ఈ ముసలాయనకు సమయం సందర్భం లేదు, లారీ వచ్చే వేళకు వేళాకోళమా అని గొణుక్కుంటూ రుమాలు లాగి పక్కన పడేశాడు. తెర వంక చూశాడు. ఎడమచెయ్యి దానంతటదే పిస్టన్ కోసం పోయింది. ఖాళీ బల్ల తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని తెర మీది అంకెను మళ్లీ చూశాడు. రెండు నిమిషాలు గడవలేదు, చెయ్యి మళ్లీ పోయింది.

మూడోసారి పోయినప్పుడు దాన్ని అక్కడే ఉంచి, ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"సింహా, బాగానే ఉన్నావా?" అంది సుభాషిణి.

అతను నిచ్చెన వేసుకుని అటకెక్కి, దుమ్ము కొట్టుకుపోయిన సత్తు పళ్లెం దించాడు. చేతులకు గుడ్డ చుట్టుకుని, కాలే ఇంజనులోంచి ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి పేర్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ బొగ్గులే. నాలుగూ తడిసి ఉన్నాయి. సందు కొలిచే రేకులు తెచ్చి, నిప్పురవ్వ దూకే ఆ సందులో పెట్టి చూశాడు. ఉండాల్సినదానికి దగ్గర దగ్గర రెండింతలుంది. మొన్న డబ్బా విప్పి, కొలవకుండా నేరుగా బిగించేసింది తనే. టర్బో విసురుకు అంత సందులో రవ్వ నిలవలేక ఆరిపోతోంది. మంట లేదు. మండని పెట్రోలు మండని పెట్రోలుగానే, గాలి గాలిగానే పొగగొట్టంలోంచి పోతున్నాయి. మీటరుకు పెట్రోలు కనపడదు. దానికి కనపడేది మిగిలిపోయిన గాలి. పాపం, అది ఉన్నమాటే చెప్పింది.

"అయ్యో రామా," అంటూ నేల మీద చతికిలబడ్డాడు. ఇంతసేపూ ఆరిపోయిన పొయ్యిలో నూనె పోస్తూ కూర్చున్నాడు!

కొత్త ప్లగ్గులు తీసి, సందు కొలిచి, తట్టి దగ్గర చేసి బిగించాడు. అక్కడిదాకా చేతులు బాగానే ఆడాయి. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాకే వచ్చింది చిక్కు. పొద్దున్నించి పెంచిన పెట్రోలు ఇప్పుడు తగ్గించాలి. ఇదే కారుకు, ఇదే వేలితో, ఏడు నెలల కిందట నొక్కిన మీటే నొక్కాలి. తను అనుకున్నది తప్పైతే మూడు నిమిషాల్లో ఇంకో పిస్టన్ నీళ్లయిపోతుంది.

సుభాషిణి లేచి వచ్చి వెనక నిలబడింది. "తగ్గిస్తున్నావా?"

"అవునక్కా. పెంచినదాంట్లో సగం."

"పోయినసారి కూడా తగ్గించే..."

"అవునక్కా."

ఆమె తెర వైపు చూడలేదు. పళ్లెంలో నల్లగా తడిసిన నాలుగు ప్లగ్గులనూ చూసింది, అతని మొహం చూసింది.

"అయితే పెడల్ నేను తొక్కుతా. నువ్వు ఆపమన్నప్పుడు ఆపుతా," అని వెళ్లి కారెక్కింది.

జయసింహ మీట నొక్కాడు. రోలర్లు కదిలాయి. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు, నాలుగు వేలు. టర్బో ఈల వేసింది. ఐదు వేలు. ఎక్కడా టప్‌మనలేదు. అతను తెర చూడటం మరిచిపోయి, గొంతు దాకా వచ్చిన 'ఆపు' అనే మాటను పట్టుకుని వింటూ నిలబడ్డాడు. ఆ కేక పై దాకా ఒకటే ధారగా పోయి, మెల్లగా దిగింది.

అప్పుడు చూశాడు. పది పాయింట్ మూడు.

పెట్రోలు తగ్గిస్తే, మీటరు పెట్రోలు ఎక్కువైందంటోంది! అతనికి నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. సుభాషిణికి కనపడకుండా మోచేత్తో తుడుచుకున్నాడు. మిగిలినది కొంచెం కొంచెంగా తీస్తూ ఇంకో మూడు పరుగులు తీయించాడు. ప్రతి పరుగుకూ ప్లగ్గులు విప్పి పళ్లెంలో పెట్టి చూశాడు. చివరికి అంకె పదకొండున్నర దగ్గర కుదురుకుంది. ప్లగ్గుల మొహాలు లేత గోధుమరంగుకు తిరిగాయి. బలం మాటకొస్తే, సుభాషిణి కారు దిగి తెర చూసి, "నిజమా?" అని రెండుసార్లు అడిగింది.

రెండున్నరకు ఉస్తాద్ తిరిగొచ్చాడు. జేబు ఇంకా వేలాడుతూనే ఉంది. తెర వైపు కన్నెత్తి చూడలేదు. పళ్లెం మీదికి వంగి, ఒక్కో ప్లగ్గునూ వెలుతురుకు తిప్పి చూసి, ఎక్కడిదక్కడే పెట్టాడు. తర్వాత జేబులోంచి పిస్టన్ తీసి చాచాడు.

"ఇదిగో అబ్బీ, నీది నువ్వు తీసుకో."

జయసింహ చెయ్యి ముందుకు పోయింది. మధ్యలో ఆగింది. వెనక్కి తిరిగి, సత్తు పళ్లేన్ని రెండు చేతులా ఎత్తి, ఇంతకాలం పిస్టన్ కూర్చున్న చోట పెట్టాడు.

"ఇక్కడ చోటు లేదు ఉస్తాద్."

ఉస్తాద్ తల ఊపి గడప దగ్గరికి వెళ్లాడు. గోడకున్న చిన్న అరలో పిస్టన్‌ను నిలబెట్టి, దాని నడినెత్తి చిల్లిలో ఊదుబత్తి గుచ్చాడు. చిల్లి పెద్దది, పుల్ల పక్కకు ఒరిగింది. కాగితం ముక్క మడిచి దోపి, సరిగ్గా నిలబెట్టి వెలిగించాడు.

"లారీ వచ్చేలోగా తినాల. పోయి చేతులు కడుక్కోండి, బిర్యానీ తెచ్చినా," అన్నాడు.