చుట్టానికి నీడ పట్టిన అవ్వ

కాళ్ళు కడుక్కున్నావా? అయితే రా, ఇటు పడుకో. ఫ్యాన్ కింద చోటంతా నువ్వే ఆక్రమించకు, అమ్మమ్మకి కూడా కాస్త ఉంచు.

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడదామంటే, అక్కడ ఊరికి సరిపడా నేలే లేదు. సముద్రం మధ్యలో ఒక దీవి. మన వీధి మొదలు నుంచి బస్టాండు దాకా ఉంటుందేమో, అంతే. ఇటు చూసినా నీళ్ళే, అటు చూసినా నీళ్ళే. మధ్యలో కొబ్బరిచెట్లు, మొగలి పొదలు, ఓ నలభై ఇళ్ళు. పసిఫిక్ మహాసముద్రమని నీ పుస్తకంలో నీలం రంగు పూశావు చూడు, అక్కడ.

ఆ దీవిలో తెబోరా అని ఒక అవ్వ ఉండేది. మొగలి ఆకులతో చాపలు అల్లేది. ఆవిడ చాప మీద నడుం వాలిస్తే ఇంక లేవబుద్ధి కాదట. ఆ అవ్వకి రోతియా అని ఒక మనవరాలు. నీ ఈడుదే. నీలాగే అవ్వ పక్కన తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. అమ్మ లేని పిల్ల కదా, దానికి అన్నీ అవ్వే.

అంత చిన్న పిల్లకి చక్కెర జబ్బు వచ్చింది. మిఠాయిలు తిన్నందుకు కాదులే, నువ్వేం భయపడకు. కొంతమందికి అలా వస్తుంది. రోజూ సూదిమందు వేయాలి. ఆ మందేమో చల్లగా ఉండాలి, వేడెక్కితే పాడైపోతుంది.

అక్కడి ఆసుపత్రిలో ఫ్రిజ్ జనరేటర్‌తో నడిచేది. జనరేటర్‌కి డీజిల్ కావాలి, డీజిల్ పడవ మీద రావాలి. ఒకసారి తుఫాను వచ్చి పడవ రాలేదు. అప్పుడు ఫ్రిజ్ ఆగిపోయింది, మందు పాడైంది, పిల్ల సొమ్మసిల్లి పడిపోయింది. ఎలాగో గండం గట్టెక్కింది గానీ, అవ్వ సగం ప్రాణం ఆ రోజే పోయింది.

ఆ తర్వాత పెద్ద దీవి నుంచి డాక్టరమ్మ వచ్చింది. "అవ్వా, మీ ఊరికి సోలార్ ప్లేట్లు, కొత్త ఫ్రిజ్ పంపిస్తున్నాం. నెల తర్వాత నేను మళ్ళీ వస్తాను. అప్పటికి ఫ్రిజ్ చల్లగా ఉంటే పిల్ల నీ దగ్గరే ఉంటుంది. లేకపోతే నాతో తీసుకెళ్ళి హాస్టల్లో ఉంచుతాను" అంది. మంచి మనిషే, పిల్ల ప్రాణం కోసమే అంది. అయినా అవ్వ గుండెలో రాయి పడ్డట్టయింది.

వారం తిరక్కుండా అన్నీ వచ్చాయి. వాటితో పాటు అకెనేత వచ్చింది. నోరు తిరక్కపోతే అక్క అను, సరిపోతుంది. అదే దీవిలో పుట్టిన పిల్ల. మన దేశానికొచ్చి, ఆరు నెలలుండి, ఈ సోలార్ పని నేర్చుకుని వెళ్ళింది. ఆసుపత్రి వెనక సముద్రం వైపు ప్లేట్లు బిగించింది. చూడ్డానికి ఊరంతా చేరింది.

అకెనేతకి మాటలు కాస్త ఎక్కువ. ప్లేట్ల మీద చెయ్యేసి, "మన ఊరికి చుట్టం వచ్చాడు! సముద్రాలు దాటి వచ్చాడు! బాగా చూసుకోవాలి మరి!" అంది. అందరూ చప్పట్లు కొట్టి ఎవరి పనికి వాళ్ళు పోయారు. తెబోరా అవ్వ మాత్రం ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఆ దీవిలో ఒక పద్ధతి ఉందిలే. సముద్రం దాటి వచ్చినవాణ్ణి ఎండలో నిలబెట్టకూడదు. దారంతా మాడిపోయి వచ్చుంటాడు కదా, పాపం. ముందు నీడన కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే మాటామంతీ.

ఇంతకీ కొత్త ఫ్రిజ్ చల్లబడలేదు. కాస్త చల్లబడ్డట్టే ఉండి, మళ్ళీ వెచ్చబడేది. ఉన్న కాస్త డీజిల్‌తో పాత ఫ్రిజ్‌నే నడుపుతూ రోజులు నెట్టుకొస్తున్నారు.

అకెనేత వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించింది. లాభం లేదు. ఆ తర్వాత బ్యాటరీలు ఒక్కొక్కటీ పరీక్ష చేసింది. లాభం లేదు. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపుకున్న రబ్బరు కూడా మార్చింది. ఊహూ. పొద్దున్నే వెళ్ళి చూస్తే ప్లేట్లు నిగనిగలాడుతూ ఉంటాయి. సాయంత్రం చూసినా అంతే. మధ్యాహ్నం ఎవరూ చూడరు. మధ్యాహ్నం ఆ దీవిలో కోడి కూడా కదలదు, అందరూ పడుకుంటారు. అకెనేత అయితే గుర్రు కూడా పెడుతుంది. చదువుకున్నవాళ్ళ నిద్ర ఎలా ఉంటుందో మీ తాతయ్యని చూస్తే తెలీట్లేదూ?

ఇంక రెండు రోజుల్లో పడవ వస్తుందనగా అవ్వ రోతియా బట్టలు మూట కట్టింది. కడుతూ కడుతూ ఏడ్చింది. రోతియా ఏడవలేదు. "అవ్వా, అక్కడ నా పక్కన ఎవరు పడుకుంటారు?" అని మాత్రం అడిగింది. అవ్వ మూట పక్కన పడేసి లేచి, మిట్టమధ్యాహ్నం ఆసుపత్రి వెనక్కి విసవిసా నడిచింది.

ఆ రోజు దిగులుతో అకెనేతకి కూడా నిద్ర పట్టలేదు. లోపల బ్యాటరీల పక్కన తల పట్టుకుని కూర్చుంది. అప్పుడు కిటికీ అవతల అవ్వ ఎవర్నో తిడుతున్నట్టు వినపడింది.

"నీకేం తక్కువ చేశానయ్యా? మూడు వారాలుగా ఎండకన్నెరగకుండా చూసుకున్నానే! నా మనవరాలికి కూడా ఇంత మంచి చాపలు అల్లలేదు. ఆ పసిదాని కోసం కాస్త చల్లదనం ఇవ్వడానికి నీకు మనసు రాలేదా?"

అకెనేత కిటికీలోంచి తల బయటపెట్టింది. చూస్తే ఏముంది? ప్రతి ప్లేటు మీదా ఓ కొత్త చాప! గాలికి ఎగిరిపోకుండా మూలలకి తాళ్ళు కూడా కట్టి ఉన్నాయి. ఎండ ముదరగానే కప్పడం, ఎండ తగ్గగానే తీసేయడం, రోజూ అవ్వ చేస్తున్న పని అది. అకెనేతకి ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చి అవ్వ చేతులు పట్టుకుంది.

"అవ్వా, ఈ చుట్టానికి తిండే ఎండ!"

"అయ్యయ్యో! ఇన్నాళ్ళూ పస్తు పెట్టానా?" అని అవ్వ నెత్తి బాదుకుంది. అంతలోనే కోపం ముంచుకొచ్చింది. "ఏమే, చుట్టం వచ్చాడన్నావు, ఏం తింటాడో చెప్పొద్దూ? ఊరందరికీ వైర్లు చూపించావు గానీ, ఆ ఒక్క ముక్క చెప్పావా?"

"తప్పు నాదే అవ్వా. గొప్పకి పోయి ఆ మాట అనేశాను" అంది అకెనేత. నన్నడిగితే నేనూ అవ్వ పక్కే. నేనూ అవ్వనేగా!

అప్పుడు ఇద్దరూ కలిసి చాపలు లాగేశారు. ప్లేట్ల అంచుల్లో కాస్త ఉప్పు పేరుకుని ఉంటే రోతియా వాననీళ్ళు మోసుకొచ్చింది, అవ్వ మెత్తటి గుడ్డతో తుడిచింది. సాయంత్రానికి ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మర్నాడు ఇంకా చల్లబడింది. అవ్వ మాటిమాటికీ తలుపు తీసి చూస్తుంటే, "చల్లదనమంతా నువ్వే బయటికి పంపేస్తున్నావు" అని అకెనేత కసిరింది.

ఆ మర్నాడు పడవ వచ్చింది. డాక్టరమ్మ ఫ్రిజ్ తెరిచి లోపలి థర్మామీటర్ చూసింది. అవ్వ రోతియా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ ఇంకోసారి చూసింది. ఆ తర్వాత తన పెట్టెలోంచి కొత్త మందు సీసాలు తీసి, ఒక్కొక్కటే ఫ్రిజ్‌లో సర్దింది. పడవ కూత వేసి వెళ్ళిపోయింది. రోతియాని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నర్సు రోతియాకి సూది వేసింది. "అబ్బబ్బా! నొప్పి అవ్వా!" అని దీవంతా వినపడేలా కేక పెట్టింది పిల్ల. అది రోజూ పెట్టే కేకే. రోజూ అయితే, "ఊరుకోవే, ఏమిటా గోల" అని అవ్వ విసుక్కునేది. ఆ రోజు విసుక్కోలేదు. ఆ హాస్టల్లో ఇలా అరిస్తే పలకడానికి ఎవరుండేవారని తలుచుకుంది. తలుచుకుని పిల్లని గట్టిగా వాటేసుకుంది.

"అరిచెయ్ తల్లీ, ఇంకా గట్టిగా అరిచెయ్. నేనిక్కడే ఉన్నాను" అంది.

ఎండ తినీ ఎండ తినీ చుట్టమేమో చల్లన,
అవ్వ ఒళ్ళో చేరి చేరి పిల్లేమో వెచ్చన,
కథనెక్కించిన పడవ కంచికి,
కునుకునెక్కించిన పడవ మన ఇంటికి!