అప్పా, నా వంతా?

ఆ ఫోను అమ్మకిచ్చేసి రా, సింహాద్రీ. అన్నం తిన్నంతసేపూ దాన్నే చూశావు. ఇంతకీ ఏం కూర తిన్నావో చెప్పు చూద్దాం? చెప్పలేవుగా! నవ్వకే మంగా, నువ్వూ అంతే. ఇద్దరూ నా పక్కన చేరండి. నేను ఆగినచోటల్లా ‘ఊఁ’ అనాలి. ‘ఊఁ’ వినపడకపోతే నా కథ కదలదు మరి.

అనగనగా, ఏటి గట్టున ఒక ఊళ్ళో, ఒక అప్ప, ఒక తమ్ముడు. అప్పంటే అక్కేనర్రా, మనవైపు అలాగే పిలుస్తాం. అప్ప పేరు పైడితల్లి, తమ్ముడి పేరు అప్పలసూరి. అమ్మా నాన్నా లేరు. పక్కింట్లో చూపు ఆనని ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకీ ఎవరూ లేరు.

పొద్దువాలేసరికి పైడితల్లి కొర్రన్నంలో తోటకూర పులుసు పోసి గిన్నెలో కలిపేది. ముగ్గురూ గిన్నె చుట్టూ కూచునేవారు. మొదటి ముద్ద కొండవైపు ఎత్తి, ఆ కొండ మీది అప్పన్నస్వామికి చూపించేది. అప్పుడు ఆ ముద్ద ముసలమ్మ చేతిలో పెట్టేది. తర్వాతి ముద్ద తమ్ముడి చేతిలో. ఆ తర్వాతిది తన నోట్లో. మళ్ళీ ముసలమ్మకి.

తమ్ముడు గుటుక్కున మింగేసి అరచెయ్యి చాపేవాడు. “అప్పా, నా వంతా?”

“ఇంకా లేదురా. ముసలమ్మ నమలద్దూ?”

వాడు వేళ్ళు నాక్కుంటూ ఆగేవాడు. వంతు వచ్చేది, తినేవాడు, మళ్ళీ ఆగేవాడు. కాసేపటికి వాడి చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళేది. “చాలప్పా” అనేవాడు.

ఊఁ?

ఆ తర్వాత పైడితల్లికి ఏటి అవతల దూరాన పెళ్ళయింది. పడవెక్కుతూ కళ్ళు తుడుచుకుంది. “సూరిగా, ఏడాదికోసారి చందనం ఒలిచే రోజున కొండ మీద కలుసుకుందాం. రాకపోయావో, నీ చెవులు మెలేస్తాను” అంది. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి తన నిజరూపం చూపించే రోజది. ఆ అప్పా తమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకునేదీ ఆ ఒక్కరోజే.

ముసలమ్మ కూడా స్వామి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు అప్పలసూరి పట్నం వెళ్ళి బెల్లం దుకాణం పెట్టాడు. దుకాణం బాగా సాగింది. పెద్ద కంచం వచ్చింది. ఆ కంచం ముందు ఒక్కడే కూచునేవాడు. కళ్ళు కాటా మీద, చెవులు బేరం మీద. చెయ్యి మటుకు నోటికీ కంచానికీ తిరిగేది. కంచం ఖాళీ అయ్యేది, ఆకలి మటుకు అలాగే ఉండేది. మళ్ళీ వడ్డించుకునేవాడు.

‘అప్ప పెట్టిన అన్నమైతే తీరును’ అనుకున్నాడు.

అప్పుడు పడవవాడితో కబురంపి అప్ప గిన్నె తెప్పించుకున్నాడు. అందులోనే తిన్నాడు. ఆకలి తీరలేదు. ఆ తర్వాత అప్ప ఇంటి కొర్రలూ, పెరట్లో తోటకూరా తెప్పించుకున్నాడు. మంచి తిండేనర్రా, ఒంటికి బలం. కానీ గిన్నెడూ గబగబా తినేసి, మళ్ళీ గిన్నెడు వండించుకుంటే ఆ తోటకూర మాత్రం ఏం చేస్తుంది పాపం? ఆఖరికి, “పులుసులో ఏం కలుపుతున్నావప్పా, నాకు చెప్పకుండా?” అని అడిగించాడు. “ఉప్పూ చింతపండూరా, బడుద్ధాయీ” అని జవాబొచ్చింది.

తిన్నకొద్దీ ఒళ్ళు బరువెక్కింది. మోకాళ్ళు మొరాయించాయి.

చందనం ఒలిచే రోజు వచ్చింది. అప్పలసూరి కొన్ని మెట్లెక్కి, రొప్పుతూ కూలబడ్డాడు. ఇంక కాళ్ళు లేవలేదు. పైన అప్ప, కింద తమ్ముడు, మధ్యన మెట్లూ జనమూ. దిగివచ్చే ప్రతి చీరలోనూ అప్పని వెతుక్కున్నాడు. పైన పైడితల్లి ఎక్కివచ్చే ప్రతి తలపాగాలోనూ తమ్ముణ్ణి వెతుక్కుంది.

నిద్దరపోయారా? ఊఁ అనండి మరి. ఆఁ, అదీ.

పొద్దువాలాక పైడితల్లి కళ్ళు తుడుచుకుంటూ దిగింది. కింది మెట్ల దగ్గర తమ్ముణ్ణి గుర్తుపట్టింది. “ఏట్రా సూరిగా, ఇలాగైపోనావు?”

“ఆకలేస్తోందప్పా. నువ్వు పడవెక్కిన కాడ్నించీ ఆకలే.”

పైడితల్లి అక్కడే చతికిలబడి అన్నం మూట విప్పింది. పక్కనే పళ్ళూడిన తాతొకడు, పూలమ్మే మనిషొకత్తె కూచునున్నారు. వాళ్ళనీ పిలిచింది. మొదటి ముద్ద స్వామివైపు ఎత్తింది. అప్పుడు తాతకి. తర్వాత పూలమనిషికి. ఆ తర్వాత తమ్ముడికి.

వాడు గుటుక్కున మింగి అరచెయ్యి చాపాడు. “అప్పా, నా వంతా?”

“ఇంకా లేదురా. తాత నమలద్దూ?”

ఆగాడు. ఆగితే, నాలుక మీద చింతపండు పులుపు తెలిసింది. దాని వెనక కొర్రల కమ్మదనం తెలిసింది. తాత బోసినోరు చూసి నవ్వొచ్చింది. వంతు వచ్చింది, తిన్నాడు, మళ్ళీ ఆగాడు. కాసేపటికి చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది.

“చాలప్పా” అన్నాడు. ఆ మాట విని వాడికే ఏడుపొచ్చింది. “గిన్నె పంపావు, కూర పంపావు. ఈ ఆగడం పంపలేదేం?”

“ఎలా పంపనురా? పక్కన మనుషులుంటే కదా ఆగేది!”

అంతలో పడవవేళైంది. అప్ప వెళ్ళిపోయింది.

అప్పట్నించీ అన్నం వేళకి అప్పలసూరి కాటా పక్కన పెట్టేసేవాడు. తూకం వేసేవాళ్ళనీ, బండ్లు తోలేవాళ్ళనీ గిన్నె చుట్టూ కూచోబెట్టి, స్వామికి చూపించి, తనే ముద్దలు పెట్టేవాడు. తన పక్కన చాప మీద కొంచెం చోటు వదిలేవాడు. అక్కడికొచ్చేసరికి ముద్ద చేత్తో పట్టుకుని, అప్ప నమిలేటంతసేపు ఆగేవాడు. ఆనక దాన్ని వాకిట్లో కట్టేసిన దూడకి పెట్టేవాడు. కడుపు నిండేది. ఆ చోటు మటుకు నిండేది కాదు.

ఏడాది తిరిగింది. ఒళ్ళు తేలికపడింది. చందనం ఒలిచే రోజున అప్పలసూరి అప్ప పాత గిన్నెలో అన్నం పెట్టి, గుడ్డ కట్టి, చంకన పెట్టుకుని, ఆగి ఆగి మెట్లెక్కాడు. స్వామి గుమ్మం పక్కన అప్ప కనిపించింది. జుట్టు ఇంకాస్త నెరిసింది. వాడు గుడ్డ విప్పి, ముద్ద కలిపి, స్వామికి చూపించాడు.

అప్ప నవ్వుతూ, ఏడుస్తూ అరచెయ్యి చాపింది. “తమ్ముడా, నా వంతా?”

“నీ వంతేనప్పా. ఏడాదంతా నీకోసం ఆపి ఉంచాను.”

ఊఁ అనవేం సింహాద్రీ? ఏడుస్తున్నావా? పిచ్చినాయనా. రేపు గిన్నెలో నేనే కలుపుతాను, మీ ఇద్దరి చేతుల్లో పెడతాను. మనతో లేని మీ తాతయ్య చోటు కూడా ఉంచుదాం, సరేనా?

ముద్ద చేరె అప్ప చేతికి,
పడవ చేరె ఏటి గట్టుకి,
కథ తరలె కంచిదారికి,
కళ్ళు తరలె కలల ఊరికి.