సున్నపుమెట్ట పలకమ్మ

సున్నపుమెట్టలో బస్సు దిగిన యాత్రికులకు ముందు కనిపించేది గోపురం కాదు, ఒక కిరాణా కొట్టు. దాన్ని ఆనుకొని పూటకూళ్ళ ఇల్లు. రెంటికీ ఒకటే కుటుంబం, ఒకటే గుమ్మం. ఆ గుమ్మానికి తలుపులు లేవు. పైనా కిందా గాడి కొట్టి, నిలువు పలకలు ఒకదాని పక్కన ఒకటి జరిపి మూస్తారు. చివరి పలక మాత్రం గాడిలో ఉండదు. పసుపు, కుంకుమ పూసుకొని గుమ్మం పక్కన పీఠం మీద నిలబడి ఉంటుంది. ఆమే పలకమ్మ తల్లి. వేరే విగ్రహం లేదు.

పూర్వం ఇక్కడ సున్నపు బట్టీలు మండుతున్న కాలంలో, ఈ కొట్టు గవరయ్యదీ ఆయన అన్న సన్యాసయ్యదీ. వంటిల్లు గవరయ్య భార్య అచ్చియ్యమ్మ చేతిలో ఉండేది. ఊరికి ఉప్పూ పప్పూ అక్కడే, బట్టీ పనివాళ్ళకి మధ్యాహ్నం అన్నమూ అక్కడే. ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉండేది. చివరి పలక వేసేముందు "ఇంకెవరైనా తినాలా?" అని వీధిలోకి కేక వెయ్యాలి. జవాబు రాకపోతేనే పలక పడాలి.

అచ్చియ్యమ్మకు ఒక్కతే కూతురు, నూకరత్నం. బట్టీవీధి కుర్రవాణ్ణి మనసుపడి చేసుకుంది. పెదనాన్న సన్యాసయ్య ఆ పెళ్ళికి వెళ్ళలేదు. తల్లి వెళ్ళింది, వెళ్ళినందుకు తిరిగొచ్చాక నెలల తరబడి ఇంట్లో మాటలు పడింది.

ఆ ఏడు బట్టీవీధిలో గత్తర, అదే కలరా, పుట్టింది. ఊరి పెద్దలు కూడి, ఆ వీధివాళ్ళకి ఏదీ అమ్మరాదు, వండి పెట్టరాదు అని కట్టడి చేశారు. గవరయ్య సరుకు కోసం పట్నం వెళ్ళి ఉన్నాడు. ఎండ నడినెత్తిన ఉండగానే సన్యాసయ్య పలకలు జరపడం మొదలుపెట్టాడు. చివరి పలక మిగిలినప్పుడు ఆ సందులో నూకరత్నం వచ్చి నిలబడింది.

"అమా, గంజి పొయ్యే. లోనికి రాన్లే. గిన్నె ఒట్టుకొచ్చాను."

అచ్చియ్యమ్మ అప్పటికే గంజి వార్చి చేత పట్టుకుంది. కాని గుమ్మంలో బావగారు ఉన్నారు. బావగారి ఎదుటికి రావడం గాని, ఆయన వింటుండగా గొంతెత్తడం గాని ఆ ఇంటి కోడళ్ళకు లేదు. ఆయన పక్కకు తప్పుకుంటాడని ఆమె వంటింటి తలుపు చాటునే నిలబడింది.

"ఆ వీధికి పోయిన్నాడే మన పిల్ల కాదు. ఒక్కర్తి కోసం ఊరంతా పోవాలా?" అన్నాడు సన్యాసయ్య. కేక వెయ్యకుండానే పలక వేశాడు.

గంజి చల్లారే వరకు అచ్చియ్యమ్మ అక్కడే నిలబడి ఉంది. బట్టీదారిలో పిల్ల ఒరిగిపోయిందని సాయంత్రానికి తెలిసింది. పక్కన గిన్నె, అందులో తడి లేదు.

మర్నాడు పలకలు తీశారు. మళ్ళీ మూయబోతే చివరి పలక గాడిలో పట్టలేదు. వాన లేకుండానే ఉబ్బింది. వడ్రంగి చిత్రిక పట్టాడు, ఐనా పట్టలేదు. అమ్మవారే నూకరత్నం రూపంలో వచ్చి మనల్ని పరీక్షించిందని సన్యాసయ్యే ముందుగా అన్నాడు. పెద్దలంతా ఔనన్నారు. పలకకు పసుపు రాశారు. గత్తర తగ్గింది. గుమ్మం మూసినవాళ్ళే ముందుగా కొబ్బరికాయలు పట్టుకొచ్చారు.

అచ్చియ్యమ్మ ఒక మధ్యాహ్నం పొయ్యి పక్కన కునుకు తీస్తుండగా పలకమ్మ తల్లి కలలో కనబడింది. వచ్చింది నువ్వేనా అని అడిగింది అచ్చియ్యమ్మ.

"నేను కాదు. నీ బిడ్డే వచ్చింది. నేనైతే ఆకలికి ఆగేదాన్ని. ఈ సందు ఇక మూయకు," అంది తల్లి.

ఆమె లేచి, జన్మలో మొదటిసారి బావగారి ఎదుట నిలబడి ఆ మాట చెప్పింది. పోయింది అమ్మవారు కాదు, తన పిల్లేనని పీఠం దగ్గర నిలిపే రాతి మీద రాయించమంది.

"అలా రాస్తే దణ్ణం పెట్టడానికి ఎవరొస్తారే?" అన్నాడాయన.

రాతి మీద అమ్మవారి పరీక్ష కథే చెక్కించారు. ఇప్పటికీ అదే ఉంది, చదువుకోవచ్చు. అచ్చియ్యమ్మ ఆ రాతికి దణ్ణం పెట్టలేదు, పలకకు పెట్టింది.

నేటికీ ఆ సందు మూయలేదు. యాత్రికులు ఎవరి గిన్నె వారు తెచ్చుకొని సందులోంచి అందిస్తే ఇంటి కోడలు గంజి పోస్తుంది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగరాదు. ఆ గంజి తాగినవారి ఇంట అన్నానికి లోటుండదని నమ్మకం, తల్లి దయ వల్ల అలాగే జరుగుతోంది.

అందరికన్నా ముందు, సందు బయట ఎవరూ లేనప్పుడు, పెద్దకోడలు వీధిలోకి కేక వేస్తుంది.

"రత్నం, గిన్నె ఇటియ్యి."

అది అమ్మవారి పేరా అని యాత్రికులు అడుగుతుంటారు. కాదు. ఆ ఇంటి ఆడపడుచు పేరు.